కాలవ అవతలి బాక్సు

డిసెంబర్ 17, 2024, పాలకొల్లు

ధనుర్మాసం. తెల్లారుజామున రామాలయంలో భజన. ఈసారి వైర్ల గోల వద్దని బ్లూటూత్ బాక్సు తెప్పించాను. మాండలిన్ యాంప్లిఫైర్‌కి చిటికెన వేలంత ట్రాన్స్‌మీటర్ గుచ్చితే చాలు, బాక్సు మండపంలో ఏ మూలనున్నా మోగుతుంది. మోగింది, నా వేళ్ళ వెనకాల! మృదంగం మాస్టారు రెండు ఆవర్తాలు ఓపిక పట్టి చెయ్యి ఆపేశారు.

“మీరు వాయించేదొకటి, వినపడేదొకటండీ. దేనికి కొట్టమంటారు?”

“ఆయ్, నాకూ తెలీట్లేదండి.”

డిసెంబర్ 18

రాత్రి లెక్క వేశాను. ట్రాన్స్‌మీటర్ శబ్దాన్ని కోసి, కుదించి, మూటలు కట్టి పంపుతుంది. దారిలో ఏ మూటైనా పోతే మళ్ళీ తెప్పించుకోవాలి కదా, అందుకని బాక్సు కొన్ని మూటలు నిలవ పెట్టుకుని మరీ విప్పుతుంది. మామూలు బ్లూటూత్‌లో ఈ తంతుకి సుమారు 200 మిల్లీసెకన్లు. పాట వినేవాడికి పట్టదు. నిమిషానికి 75 దెబ్బల ఆదితాళంలో దెబ్బకి నాలుగు స్వరాలు వేసేవాడికి మాత్రం అది సరిగ్గా ఒక స్వరం. నా వేలు గాంధారం మీదుంటే బాక్సు ఇంకా రిషభంలోనే ఉంది. శబ్దం గాల్లో సెకనుకి 340 మీటర్లు పోతుంది కనక, బాక్సుని 68 మీటర్ల దూరంలో, కాలవ అవతలి గట్టు మీద పెట్టుకుని వాయించినట్టు.

డిసెంబర్ 24

“కరెంటు వాయిద్యం కాకపోతే ఈ బెడద ఉండేది కాదుగా” అంది మా ఆవిడ. అదే వాయిద్యాన్ని కర్ణాటక కచేరీకెక్కించిన ఉప్పలపు శ్రీనివాస్ 1969లో ఈ ఊళ్ళోనే పుట్టారు. మామూలు మాండలిన్‌కి నాలుగు జతల తీగెలు. మీటిన నాదం గమకం లాగేలోపే సన్నగిల్లిపోతుంది. ఆయన ఒంటి తీగెలు ఐదు పెట్టి, పికప్‌లోంచి బాక్సుకి పంపారు. ఆ గమకాల్లో కొంత పుణ్యం వైరుదే అంటాను. మాస్టారు ఒప్పుకోరు.

జనవరి 9, 2025

మైకుసెట్టు కుర్రాడు రెండు బుల్లి ముక్కలు తెచ్చాడు. ఒకటి మాండలిన్‌కి, ఒకటి యాంప్లిఫైర్‌కి. “బ్లూటూత్ కాదు బాబాయ్, గిటారు వాళ్ళు వాడేది.” ఇదీ 2.4 గిగాహెర్ట్జ్‌లోనే నడుస్తుంది గానీ మూటలు నిలవ పెట్టే పని బాగా తక్కువ. ఐదారు మిల్లీసెకన్లు, అంటే బాక్సుకి రెండు మీటర్లు జరిగి కూర్చున్నంత. మాస్టారు ఏమీ అనలేదు. ఆయన మెచ్చుకోలు అంతే.

జనవరి 15, జగ్గన్నతోట

కనుమ, ప్రభల తీర్థం. చుట్టుపక్కల ఊళ్ళ శివుళ్ళు, ఏకాదశ రుద్రులూ ప్రభలెక్కి వచ్చారు. గంగలకుర్రు అగ్రహారం ప్రభని కౌశిక ఏట్లో దించి, నీళ్ళలో నడుస్తూ భుజాల మీద దాటించేశారు. ఎన్నిసార్లు చూసినా ఒళ్ళు జలదరిస్తుంది. పొద్దున్న తీర్థంలో మా భజన పందిట్లో పాట బాగానే సాగింది. జనం ముసిరేసరికి ముక్కలు ముక్కలుగా తెగింది. జేబుజేబుకీ ఫోను, వాటి బ్లూటూత్, వైఫైలదీ అదే దారి. పైగా ఆ తరంగాన్ని మనిషి ఒంట్లో నీళ్ళు పీల్చేస్తాయి. సంచిలోంచి పాత వైరు తీశాను. జాక్ దగ్గర నాన్న చుట్టిన నల్లటేపు జిగురు ఇంకా వేళ్ళకంటుతోంది.

జనవరి 25

బ్లూటూత్ బాక్సు మూలపడలేదు. ఫోన్లో తంబురా పెట్టుకుని దాంట్లో వింటున్నాను. శ్రుతికి ముందూ వెనకా ఏముంది, ఎంత ఆలస్యంగా వచ్చినా అదే షడ్జమం. ఇవాళ శనివారం భజన మధ్యలో మాత్రం తంబురా ఆగి, బావమరిది నుంచి ఫోనొచ్చింది. గుడంతా రింగుటోను. నేను తడుముకుని కట్ చేసేలోపు మాస్టారు దానికీ ఓ ముక్తాయింపు వేసేశారు.