మళ్ళీ పేరు చెప్పాలి

మేమిద్దరం అక్కచెల్లెళ్ళం. నాన్నగారి బదిలీలతో విశాఖపట్నం, గువాహటి, జోధ్‌పూర్ తిరిగాం. ప్రతి కొత్త తరగతిలోనూ లేచి నిలబడి పేరు, ఊరు, మాతృభాష మొదటినుంచీ చెప్పుకోవాల్సిందే. ఈ పాట్లు మాకే అనుకునేవాళ్ళం.

మొన్న ల్యాబులో కంప్యూటర్ సర్ వెబ్ అభ్యర్థన ఎలా వెళ్తుందో బోర్డు మీద రాసి చూపించారు. సైటు పేరు కొట్టగానే బ్రౌజర్ ముందు డీఎన్ఎస్‌ను అడిగి దాని ఐపీ నంబరు తెలుసుకుంటుంది. తర్వాత సర్వర్‌తో మూడు మాటల పలకరింపు: "ఉన్నావా?", "ఉన్నాను, వినబడుతోందా?", "వినబడుతోంది." హెచ్‌టీటీపీఎస్ అయితే మధ్యవాళ్ళు చదవకుండా తాళం కూడా పడుతుంది. అప్పుడు ఉత్తరం బయల్దేరుతుంది.

హెచ్‌టీటీపీ 1.1లో ఆ ఉత్తరం మామూలు అక్షరాలే. మొదటి వరుసలో 'గెట్' అన్న మాట, కావలసిన పేజీ దారి. తర్వాత 'హోస్ట్', అంటే ఏ సైటు అన్నది. ఒకే సర్వర్‌లో చాలా సైట్లు కాపురం ఉండవచ్చు కదా, అందుకే అది తప్పనిసరి. ఆపైన మన బ్రౌజర్ ఏది, ఏ భాషలో జవాబు కావాలి. తెలుగుకు గుర్తు 'టీఈ' అట, చూసి మురిసిపోయాం! చివర ఒక ఖాళీ వరుస వస్తే, చెప్పవలసిన వివరాలు అయిపోయాయని అర్థం.

పెద్ద సమాచారమైతే ముక్కలుగా, నంబర్లతో వెళ్తుంది. ఒక ముక్క పోతే మళ్ళీ పంపుతారు. అమ్మ కూడా సామాను పెట్టెలకు నంబర్లు వేస్తుంది. గువాహటిలో ఎక్కించిన 14వ పెట్టె మాత్రం ఇంకా రాలేదు.

అన్నిటికన్నా వింత ఏమిటంటే, హెచ్‌టీటీపీకి జ్ఞాపకం లేదు. క్షణం క్రితం అడిగింది మనమేనని దానికి తెలియదు. ప్రతిసారీ అన్నీ మళ్ళీ చెప్పాలి. అందుకే సర్వర్ కుకీ అని ఒక చిన్న చీటీ ఇస్తుంది. తర్వాతి ఉత్తరంలో దాన్ని జతచేస్తే గుర్తుపడుతుంది. తనిచ్చిన చీటీయే కదా!

మేమిద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. తెనాలిలో మా అమ్మమ్మకు ఏడాదిగా మతిమరుపు. ఆదివారం ఫోన్ చేస్తే, "ఎవరమ్మా మాట్లాడేది?" అంటుంది. బడిలో పేర్లు చెబితే పోల్చుకోదు. ఈ ఆదివారమూ అంతే. అప్పుడు చిన్నప్పుడు తను పెట్టిన పేర్లే చెప్పాం: "పెద్దబుజ్జీ, చిన్నబుజ్జీ అమ్మమ్మా!"

"ఓసి మీరటే! అన్నాలు తిన్నారా?" అంది.

పది నిమిషాల తర్వాత మళ్ళీ అడిగింది. మళ్ళీ చెప్పాం.