పాత యంత్రమునకు క్రొత్త డిస్కు

మీ సంఘపు గదిలో గుడ్డ కప్పిన పాత కంప్యూటరు ఒకటి యున్నయెడల ఈ నాలుగు మాటలు మీకు పనికివచ్చునని వ్రాయుచున్నాను. మెల్లగా నడుచుచున్నదని దానిని పారవేయకుడి. తరచుగా ముసలిదైనది యంత్రమంతయు కాదు, లోపలి హార్డు డిస్కు మాత్రమే.

ఆ డిస్కులో పళ్లెములు నిమిషమునకు 7,200 సార్లు తిరుగుచుండగా, సన్నని చేయి యొకటి అటునిటు కదలి అక్షరములను వెదకి తెచ్చును. 1956లో ఐ.బి.ఎం. వారు మొదట తెచ్చినదానిలో 24 అంగుళముల పళ్లెములు 50 ఉండెను. అంత పెద్ద యంత్రములో పట్టినవి 50 లక్షల అక్షరములే! ఇప్పటి ఎస్.ఎస్.డి.లో తిరుగునది ఏదియు లేదు. వ్రాసినదంతయు చిప్పులలో విద్యుత్తుగా నిలిచియుండును, గనుక వెదకుటకు ఆలస్యము లేదు.

మా యంత్రములో ఉన్నవి పాటల పుస్తకములు మాత్రమే కావు. వివాహపు రిజిస్టరును చెదలు తినకమునుపు తీసిన పుటల ఫోటోలు అందులోనే ఉండెను. మా ఊరి విధవరాలొకామెకు కుటుంబ పింఛను రావలెనన్న ఆమె వివాహపు పుట కావలెను. తినివేయబడిన పుటలలో అదియు ఒకటి. కాబట్టి యంత్రము విప్పకమునుపే ఆ ఫోటోలన్నిటిని వేరొక డిస్కులోనికి ఎక్కించితిమి. మీరును మొదట ఇది చేయుడి, తరువాతనే స్క్రూడ్రైవరు పట్టుడి.

పాలిటెక్నిక్ చదువుచున్న మా సంఘపు కుర్రవాడు ఈ పనికి పూనుకొనెను. పాతది 500 జి.బి., క్రొత్తది 240 జి.బి. అయినను లోపల నిండినది 70 జి.బి. మాత్రమే గనుక ప్రతి తీయుటకు అడ్డము లేకపోయెను. చిక్కంతయు ఆ తరువాతనే వచ్చెను. యంత్రము డిస్కుతో మాటలాడు పద్ధతులు రెండు కలవు. ఐ.డి.ఇ. పాతది. ఎ.హెచ్.సి.ఐ. క్రొత్తది, అనేక ఆజ్ఞలను ఒక్కసారి వరుసపెట్టి పుచ్చుకొనగలది. మా విండోస్ 10 పాత పద్ధతిలో ఎక్కించినది. బయాసులో పద్ధతి మార్చగానే నీలి తెర వచ్చి, బూటు డిస్కు అందలేదని చెప్పెను. కుర్రవాడు దానిని మరల పాత పద్ధతికి త్రిప్పి, విండోసును సేఫ్ మోడులో లేచునట్లు ఏర్పరచి, అప్పుడు బయాసులో క్రొత్త పద్ధతి పెట్టెను. విండోసు తనకు కావలసిన డ్రైవరును తానే ఎత్తుకొని లేచెను. పిమ్మట సేఫ్ మోడు తీసివేసితిమి. నాలుగు నిమిషములు పట్టు పని అర నిమిషములో ముగిసెను.

మూడవ రాత్రి కరెంటు పోయెను. తెల్లవారి కుర్రవాడు పరుగున వచ్చి, “అయ్యగారూ, మళ్లీ నీలి తెర వచ్చిందండీ” అనెను. సరిచేసితిమి. మరల కరెంటు పోయెను, మరల అదే తెర. పట్టణపు దుకాణములో డిస్కు చెడినది, మార్చవలెననిరి. ఆ సొమ్ము కానుకల పెట్టెలోనిది గనుక నేను వెంటనే ఒప్పుకొనలేదు. చెడిన డిస్కు కరెంటు పోయినప్పుడే చెడునా?

అప్పుడు నాకొక సంగతి తట్టెను. నెల క్రిందట ఆ విధవరాలి విషయమై సంఘ కార్యదర్శి పంపిన ఉత్తరము తిరిగివచ్చెను, ఏలయనగా దానిమీద తేదీ 2011 అని పడియుండెను. భర్త బ్రదికియున్న కాలపు తేదీతో విధవరాలి ఉత్తరమా! టైపు చేసిన టీచరమ్మను అందరును అనిరి. పాపము, ఆమె ఆ తేదీని ముట్టనేలేదు. అది యంత్రము తానే వేసినది.

“నాయనా, గడియారమెందుకు వెనుకకు పోవుచున్నది?” అని అడుగగా కుర్రవాడు నవ్వి, నాణెమంతటి బ్యాటరీని ఊడదీసెను. దాని పేరు సి.ఆర్. 2032. మూడు వోల్టులు ఉండవలసినది రెండైనను చూపలేదు. ప్లగ్గులో కరెంటున్నంతసేపు బయాసు తన అమరికలను మరువదు. కరెంటు పోగా వాటిని కాపాడవలసినది ఆ బిళ్లయే. అది చచ్చినందున గడియారము పుట్టిన నాటికిని, డిస్కు పద్ధతి ఐ.డి.ఇ.కిని మరలిపోవుచుండెను. పాత డిస్కు నాడును ఈ లోపమున్నది గాని, దానికి కావలసినది ఐ.డి.ఇ. యే గనుక తెలియలేదు.

క్రొత్త బిళ్ల కొన్ని రూపాయలకే దొరికెను. ప్లగ్గు తీసి, ప్లస్ గుర్తు పైకి ఉండునట్లు బిగించి, తేదీని పద్ధతిని మరల పెట్టితిమి. ఆ రాత్రి మెయిన్ స్విచ్చి మేమే కట్టివేసి చూచితిమి. ఉదయమున యంత్రము సరియైన తేదీతో లేచెను. టీచరమ్మ ఉత్తరమును, వివాహపు పుట ఫోటోను అచ్చుతీసి ఆ తల్లి చేతికిచ్చెను. తేదీ మాత్రము రెండుసార్లు చూచుకొనెను.

పాత డిస్కును పారవేయలేదు. ఎస్.ఎస్.డి. కరెంటు లేక చాలకాలము మూల పడియున్నయెడల వ్రాసినది చెరగిపోవచ్చును. ఒక్కొక్కప్పుడు ఏ చప్పుడును చేయకయే చచ్చును. అందుచేత మూడు నెలలకొకమారు ఫోటోలను పాతదానిమీదికి ఎక్కించి, గుడ్డలో చుట్టి, బీరువాలో పెట్టుచున్నాము. పైన తేదీ వ్రాయువారు టీచరమ్మగారే.