ఈసారి ఛుట్టీలో ఏడు రోజులు హైదరాబాద్

గురువారం రాత్రి డ్యూటీ దిగి, స్నానం చేసి ఇంటికి ఫోన్ చేశాను. మా పెద్దబిడ్డ ఎనిమిదో తరగతి చదువుతోంది. ఫోన్ అందుకోగానే, "బాపు, ఇయ్యాల మా సారు హైదరాబాద్ ఎవలెవలు చూసిండ్రని అడిగిండు. నేను చూడలే గని మా బాపు శానాసార్లు చూసిండని చెప్పిన. చార్మినార్ పైకి ఎక్కనిస్తరా బాపు?" అంది.

నాకు నోట మాట రాలేదు. "నెట్‌వర్క్ సరిగ్గా లేదు బిడ్డా, రేపు చెప్త" అని ఫోన్ పెట్టేశాను. నెట్‌వర్క్ బాగానే ఉంది. చార్మినార్‌ను నేనే చూడలేదు.

మాది జగిత్యాల దగ్గర పల్లె. 2007లో మొదటిసారి బేగంపేట విమానాశ్రయం నుంచి దోహా వచ్చాను. 2008లో శంషాబాద్ ఎయిర్‌పోర్ట్ మొదలయ్యాక అన్నిసార్లూ అక్కడి నుంచే. రానుపోను లెక్కేస్తే ఇరవై సార్లకు తక్కువ కాకుండా హైదరాబాద్‌లో కాలు పెట్టి ఉంటాను. కానీ నాకు తెలిసిన హైదరాబాద్ ఏమిటి? జూబ్లీ బస్‌స్టేషన్, మెడికల్ పరీక్ష చేసే చోటు, ఏజెంటు ఆఫీసు మెట్లు, ఎయిర్‌పోర్టు దారి. మెడికల్‌కు పోయిన రోజు పొద్దున్నుంచి ఏమీ తినకుండా లైన్లో నిలబడ్డాను. ఆ ఆకలే నాకు గుర్తున్న హైదరాబాద్. అన్నలారా, మీలో చాలామంది సంగతీ ఇంతే అనుకుంటాను.

ఆ రాత్రే నిర్ణయించుకున్నాను. ఈసారి ఛుట్టీలో ఏడు రోజులు నా భార్యను, ఇద్దరు పిల్లలను, అవ్వను తీసుకుపోయి హైదరాబాద్ చూపిస్తాను. నేనూ చూస్తాను.

ఇదివరకు ఇలాంటి ఆలోచన చేయడానికే వీలుండేది కాదు. ఎగ్జిట్ కాగితం చేతికి వచ్చేదాకా ఏ రోజు పోతామో మనకే తెలియదు. రెండు వారాలు ఆగమంటే ఆగాలి. తారీఖే లేనివాడు ప్రయాణం ఏం అనుకుంటాడు? 2018లో మనలాంటి చాలామంది కార్మికులకు ఆ ఎగ్జిట్ అవసరం తీసేశారు. ఇప్పుడు ఛుట్టీ మంజూరయితే తారీఖు మన చేతిలో ఉన్నట్టే. అయినా పాత అలవాటు పోలేదు. ఇంటికి పోతే పెళ్ళిళ్ళు, పరామర్శలు, పొలం గెట్టు పంచాయితీ, బ్యాంకు పని. కిందటిసారి నలభై రోజులుంటే, నా పిల్లలతో పొద్దున్నుంచి రాత్రిదాకా గడిపిన రోజులు వేళ్ల మీద లెక్కపెట్టాను. రెండు చేతులు అవసరం పడలేదు.

మా రూంలో ఆరుగురం. జగిత్యాల వాళ్ళం ఇద్దరం, ఒకాయన నిజామాబాద్, ఒకాయన కడప, ఒకాయన తూర్పు గోదావరి. ఆరో ఆయన హైదరాబాద్ పాతబస్తీ భాయి. కతార్ రాకముందు చార్మినార్ చుట్టుపక్కలే ఆటో నడిపాడు. శుక్రవారం పొద్దున చాయ్ తాగుతూ విషయం చెప్పగానే అందరూ నా మంచం చుట్టూ చేరారు. నేను నోట్‌బుక్, పెన్ను తీశాను. ఎవరికి తెలిసిన పేరు వాళ్ళు చెప్పారు. గంటలో పేజీ నిండింది. ఇరవై మూడు పేర్లు. నేను స్టీల్ ఫిక్సర్ని, డ్రాయింగ్ చూసి ఇనుము లెక్కేయడం అలవాటు. ఏడు రోజులకు ఇరవై మూడంటే రోజుకు మూడు చొప్పున పంచి, గీతలు కొట్టి టేబుల్ వేశాను. వారాన్ని ఛుట్టీ చివర పెట్టాను. అటు నుంచి అటే నన్ను ఎయిర్‌పోర్టులో దింపి వాళ్ళు ఇంటికి పోతారు, ఒక రాకపోక ఖర్చు మిగులుతుందని.

భాయి టేబుల్ చూసి నవ్వాడు. "రోజుకు మూడా? ముందు ఇక్కడ దోహాలో ఒక్కరోజు మూడు చూసిరా, తర్వాత మాట్లాడదాం" అన్నాడు.

మాట నిజమే. ఇన్నేళ్లలో సనయ్య నుంచి సైటుకు, సైటు నుంచి సనయ్యకు తప్ప దోహాను మాత్రం ఎక్కడ చూశాను? తరువాతి శుక్రవారం నలుగురం బయలుదేరాం. బస్సులో మెట్రో స్టేషన్ చేరేసరికి గేటు మూసి ఉంది. శుక్రవారం మెట్రో మిగతా రోజులకంటే ఆలస్యంగా మొదలవుతుందని ఎవరమూ అడిగి తెలుసుకోలేదు. ఎండలో కూర్చున్నాం. తెరిచాక ఆరు రియాళ్ల డే పాస్ తీసుకుని ఎక్కాం. గోల్డ్ లైన్‌లో ఒక స్టేషన్‌కు నేను ఎన్నో నెలలు ఇనుము కట్టాను. 2019లో రైళ్లు మొదలయ్యాయి, నేను ఎక్కింది మాత్రం ఆరోజే. స్టేషన్ రాగానే గోడ వైపు చూశాను. కాంక్రీటు పోశాక మనం కట్టిన ఇనుము మనకే కనబడదు. పక్కవాళ్లకు చెబుదామని నోటిదాకా వచ్చి ఊరుకున్నాను.

సూక్ వాకిఫ్ తిరిగాం. సముద్రం ఒడ్డున 2008లో తెరిచిన ఇస్లామిక్ ఆర్ట్ మ్యూజియం దాకా నడిచాం. అది శుక్రవారం మధ్యాహ్నం తర్వాతే తెరుస్తారట. అక్కడా ఎదురుచూపే. ఎడారి గులాబీ ఆకారంలో కట్టిన నేషనల్ మ్యూజియం దగ్గరికి వచ్చేసరికి కాళ్లు లేవలేదు. లోపలికి పోకుండా బయట మెట్ల మీదే కూర్చున్నాం. మా పక్కనుంచి పిల్లలతో కుటుంబాలు పోతున్నాయి. ఫ్యామిలీ డే అని కొన్ని మాల్‌ల దగ్గర ఒంటరి మగవాళ్లను వెనక్కి పంపిన రోజులు పాతవాళ్లకు గుర్తుండే ఉంటాయి. ఆ మెట్ల మీద కూర్చుని నేను అనుకున్నది ఒక్కటే: ఈసారి నేనూ ఫ్యామిలీతో నడుస్తాను.

తిరిగి రాగానే టేబుల్ కొట్టేశాను. ఇనుప కడ్డీలతో పని చేసే నలుగురు మగవాళ్ళమే మూడు చోట్లు చూడలేకపోతే, మోకాళ్ల నొప్పులున్న అవ్వ, ఆరేళ్ల చిన్నోడు ఎట్లా చూస్తారు? రోజుకు ఒకటి, మహా అయితే రెండు. ఏది ఏ రోజు బందో ముందే రాసుకోవాలి.

అసలు పరీక్ష నా భార్య దగ్గర ఎదురైంది. విషయం చెప్పగానే, "ఇంటి మీద అప్పు అట్లనే ఉన్నది. ఊరోళ్లు ఏమంటరు? అప్పు కట్టకుండ ఊర్లు తిరుగుతున్నరు అనరా?" అంది. నేను లెక్క చెప్పాను. లాడ్జి, తిండి, టికెట్లు, ఆటోలు అన్నీ కలిపి దాదాపు నా ఒక నెల జీతం. ప్రతిసారీ నేను మోసుకొచ్చే సామాను కూడా తక్కువేం కాదు. సెంటు సీసాలు, టాంగ్ డబ్బాలు, టైగర్ బామ్, దుప్పట్లు. ముప్పై కిలోల పెట్టె విప్పిన రోజే సగం ఊరికి పంచి పెడతాం. ఈసారి అవ్వకు, అత్తమ్మకు, ఇద్దరు చెల్లెళ్లకు తప్ప ఎవరికీ ఏమీ తేను. ఆ పైసలకు ఓటీ పైసలు కలిపితే అప్పు కిస్తీ ఆగదు. "చుట్టాలు అలుగుతరు" అంది. అలగనీ అన్నాను. కాసేపు మాట్లాడలేదు.

తర్వాత, "ఆఖరి వారం అంటే నేను రాను" అంది.

ఎందుకని అడిగాను. ఆమె నెమ్మదిగా చెప్పింది. "పెండ్లయినంక నేను హైదరాబాద్ ఒక్కసారి వచ్చిన, నిన్ను పంపియ్యనీకె. ఎయిర్‌పోర్టులోపటికి మమ్ముల రానియ్యలే. అద్దాల బయట నిలబడ్డ. నువ్వు కనబడకుండ పోయినంక అదే జీపుల తెల్లారెదాక ఏడ్చుకుంట ఇంటికొచ్చిన. మల్ల ఆఖరి వారం పెడితే, చార్మినార్ చూసినా జూ చూసినా, ఇంక ఎన్ని రోజులున్నయో అనే లెక్కపెట్టుకుంట. ముందు ఇంటికి రా. నాలుగు రోజులుండు. తర్వాత పోదాం. హైదరాబాద్ పోయి, అందరం కలిసి మల్ల ఇంటికి రావాలె. ఒక్కసారన్న అట్ల రావాలె."

నేను నోట్‌బుక్‌లో మిగిల్చిన రాకపోక ఖర్చును మళ్లీ రాసుకున్నాను.

ఇప్పుడు ఖాయమైన ప్లాన్ ఇది. దసరా సెలవులు, కాబట్టి పిల్లలకు బడి పోదు. సద్దుల బతుకమ్మ మాత్రం ఇంట్లోనే ఆడాలని నా భార్య షరతు, అందుకే దానికి ముందే తిరిగి వచ్చేస్తాం.

ఆదివారం పొద్దున జగిత్యాలలో ఎక్స్‌ప్రెస్ బస్సు. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మన రాష్ట్రం ఆడవాళ్లకు టికెట్ లేదు కాబట్టి ముగ్గురి ఆధార్ కార్డులు ముందే సంచిలో. జూబ్లీ బస్‌స్టేషన్‌లో దిగి మెట్రో ఎక్కి, ఎంజీబీఎస్‌లో మారి నాంపల్లి. అక్కడే లాడ్జి. ఆరోజు ఇంకేమీ లేదు, విశ్రాంతి.

సోమవారం గోల్కొండ. సోమవారం జూ బంద్ కాబట్టి జూ మంగళవారానికి. గోల్కొండలో పైదాకా మూడు వందలకు పైగా మెట్లు. అవ్వ ఎక్కలేదు. దానికి మా రూంలో నిజామాబాద్ అన్న ఉపాయం చెప్పాడు. కోట దర్వాజా కింద చప్పట్లు కొడితే పైన బాలాహిసార్‌లో వినబడుతుంది, శత్రువు వస్తే పైవాళ్లకు తెలియడానికి అట్లా కట్టారు. అవ్వ కింద కూర్చుని చప్పట్లు కొడుతుంది, పైనుంచి పిల్లలు వింటారు. ఫోన్లో చెబితే అవ్వ అప్పుడే చప్పట్లు కొట్టి చూపించింది.

బుధవారం చార్మినార్. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా కట్టించాడు. మొదటి అంతస్తుదాకా ఎక్కనిస్తారు, మెట్లు ఇరుకు, చిన్నోడి చెయ్యి వదలొద్దు అని భాయి హెచ్చరిక. పక్కనే లాడ్‌బజార్‌లో గాజులు. బేరం ఎంతదాకా ఆడాలో కూడా భాయి చెప్పాడు, అది రాయను. గురువారం సాలార్‌జంగ్ మ్యూజియం. శుక్రవారం అది బంద్. పగలు పన్నెండుకు ముందే గడియారం దగ్గర ఉండాలి. గంట గంటకూ ఒక బొమ్మ మనిషి బయటికి వచ్చి గంట కొడతాడు, పన్నెండుకైతే పన్నెండు దెబ్బలు. సోమవారం వాన పడితే గోల్కొండ గురువారానికి, సాలార్‌జంగ్ సోమవారానికి మార్చుకుంటాం.

శుక్రవారం పొద్దున బిర్లామందిర్, సాయంత్రం హుస్సేన్‌సాగర్‌లో పడవ మీద బుద్ధుడి దగ్గరికి. ఆ విగ్రహం సంగతి మా పిల్లలకు నేనే చెప్పాలనుకుంటున్నాను. ఒకే రాతిలో చెక్కినది. 1990లో నీళ్ల మీద తీసుకుపోతుంటే బోల్తాపడి చెరువులో మునిగింది. ఆ ప్రమాదంలో మనుషులు కూడా పోయారు. రెండేళ్లు అడుగున ఉన్నాక 1992లో పైకి తీసి నిలబెట్టారు. చూసేవాళ్లకు బుద్ధుడు కనబడతాడు. నాకైతే ఆ బరువు మోసినవాళ్ళు గుర్తొస్తారు. మా స్టేషన్ గోడ లోపలి ఇనుము లాంటివాళ్ళు.

శనివారం పేజీ ఖాళీ. ఏదో ఒకటి రాద్దామని పెన్ను తీస్తే నా భార్య వద్దంది. "ఆ రోజు పిల్లలు ఏది మల్ల చూస్తమంటే అది చూద్దాం. పొద్దూకి బస్సెక్కుదాం" అంది.

ఇరవై మూడు పేర్లలో ఎనిమిదో తొమ్మిదో మిగిలాయి. రామోజీ ఫిల్మ్ సిటీ కొట్టేసినప్పుడు బిడ్డ కొంచెం చిన్నబోయింది. పదో తరగతి పాసైతే చూద్దామన్నాను.

అన్నలారా, నేను పెద్ద చదువు చదివినవాణ్ణి కాదు, సలహాలు చెప్పేంత వాణ్ణీ కాదు. నేర్చుకున్నది చెబుతున్నా. ఛుట్టీ కాగితం రాసేటప్పుడే ఈ వారం తారీఖులు కూడా ఇంట్లో చెప్పి రాసుకోండి. తర్వాత చూద్దాంలే అనుకుంటే ఆ వారాన్ని ఊరు తినేస్తుంది. దానికి పైసలు విడిగా పెట్టండి, సామానులో కలపకండి. ఎక్కడెక్కడికి పోదామో ఇంటివాళ్లను అడగండి. ఎప్పుడు పోదామో తప్పకుండా అడగండి. ఆ రెండో ప్రశ్న నాకు తట్టలేదు. తట్టి ఉంటే ఆ అద్దాల బయటి రాత్రి సంగతి ఇన్నేళ్లకు కాక ఎప్పుడో తెలిసేది.

టికెట్ చేతికి వచ్చింది. నిన్న రాత్రి ఫోన్ చేసి బిడ్డతో, "ఆరోజు అడిగినవు కదా, చార్మినార్ పైకి ఎక్కనిస్తరా అని. ఎక్కనిస్తరట" అన్నాను.

"ఎక్కనిస్తరట ఏంది బాపు? నువ్వు చూసినవు కదా" అంది.

"లేదు బిడ్డా, నేను కూడ చూడలే. ఇద్దరం కలిసే చూద్దాం" అన్నాను.

ఈసారి నెట్‌వర్క్ బాగాలేదని చెప్పలేదు.