మంటకంటే ముందు పొగ

ఆరోగ్యం పేజీలో అగ్ని ప్రమాదాల ప్రసక్తి ఏమిటని మీరు అనుకోవచ్చు. దగ్గుకూ జ్వరానికీ డాక్టరు కావాలి గాని, నిప్పుకు కావలసింది ఫైరింజను కదా! నిజమే. కాని ఫైరింజను వెళ్ళిపోయాక కాలిన మనిషి వచ్చేది మా దగ్గరికే. ఏళ్ల తరబడి సర్కారు దవాఖానాల్లో పని చేసినవాడిగా ఒక మాట చెబుతాను. కాలిన ఒంటికి చికిత్స ఉంది. కాని అది నెలల తరబడి సాగుతుంది, కొందరికి అదీ చాలదు. ఇంట్లో నిప్పు అంటుకోకుండా చూసుకోవడాన్ని మించిన వైద్యం లేదు.

నిజామాబాద్ పట్టణంలో 2022 ఏప్రిల్‌లో జరిగిన ఘటన చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఒక ఇంట్లో కరెంటు స్కూటరు బ్యాటరీని ఊడదీసి, రాత్రిపూట గదిలో చార్జింగుకు పెట్టారు. తెల్లవారేలోగా అది పేలింది. అక్కడే నిద్రపోతున్న ఇంటి పెద్దాయన ప్రాణం పోయింది. ఆయనను కాపాడబోయినవారికీ కాలింది. సెల్‌ఫోను పెట్టినట్టే వారు దాన్నీ పెట్టారు. మనలో చాలామంది చేసేది అదే. కాని లిథియం బ్యాటరీ లోపల షార్టయితే, ఒక సెల్లు వేడికి పక్క సెల్లు అంటుకుంటుంది. ఆ తర్వాత ప్లగ్గు పీకినా అది ఆగదు. కాబట్టి పడుకునే గదిలో, గుమ్మానికి అడ్డంగా, అందరూ నిద్రపోయే వేళలో చార్జింగు పెట్టవద్దు. బండి దిగగానే కాక, బ్యాటరీ చల్లారాక పెట్టండి. దాంతో వచ్చిన చార్జరే వాడండి. ఉబ్బిన బ్యాటరీని ఇంట్లో ఉంచనే వద్దు.

మంటను చూసి అందరూ భయపడతారు. పొగను చూసి ఎవరూ భయపడరు. కాని ముందుగా ప్రాణం తీసేది చాలాసార్లు పొగే. 2025 మే 18న హైదరాబాద్ గుల్జార్ హౌజ్ దగ్గర ఒక ఇంట్లో నిప్పంటుకుని 17 మంది చనిపోయారు. వారిలో చిన్నపిల్లలూ ఉన్నారు. చాలామందిని బలిగొన్నది పొగ. బయటికి రావడానికి ఉన్నది ఇరుకు దారి. పొగలోని కార్బన్ మోనాక్సైడుకు రంగూ లేదు, వాసనా లేదు. నిద్రలో ఉన్నవాడిని లేపకుండానే స్పృహ తప్పిస్తుంది. పొగ పైకి లేస్తుంది గనుక నేల మీద పాకుతూ బయటపడాలి. రాత్రి తాళం వేస్తే, తాళంచెవి తలుపు పక్కనే మేకుకు వేలాడాలి. చీకట్లో వెతుక్కునే వ్యవధి ఉండదు.

ఇక వంటిల్లు. వంటగ్యాసుకు తనదంటూ వాసన లేదు. మనల్ని హెచ్చరించడానికే ఆ కుళ్ళు వాసన కలుపుతారు. జలుబు చేసినవారికీ, ముసలివారికీ అది తెలియకపోవచ్చు. అందుకే రాత్రి రెగ్యులేటరు కట్టేయడం అలవాటు చేసుకోండి. ఈ గ్యాసు గాలికంటే బరువు, నేల మీదే పరుచుకుంటుంది. వాసన వస్తే తలుపులూ కిటికీలూ తెరవండి. స్విచ్చి వేయవద్దు, వేసి ఉన్నది తీయవద్దు. చిన్న నిప్పురవ్వ చాలు. బయటికి వచ్చాకే 1906కు ఫోను చేయండి. మూకుడులో నూనె అంటుకుంటే నీళ్లు పోయకండి. పొయ్యి ఆర్పి మూత పెట్టండి.

బోధన్ వైపు పాఠకులకు వేరే మాట. 2015లో మూతపడిన శక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసినవారికి, ఎండిన పిప్పి ఎంత తేలిగ్గా అంటుకుంటుందో నేను చెప్పనక్కర్లేదు. ఎండిన చెరకు ఆకు కూడా అంతే. దాన్ని ఇంటి గోడకు ఆనించి పేర్చి, పక్కనే బీడీ పారేయడం మాత్రం మానుకోవాలి. పొలంలో ఆకు తగలబెట్టడం అసలే వద్దు. ఆ పొగ ఉబ్బసం ఉన్నవారిని దవాఖానాకు పంపుతుంది.

ఇంత చేసినా బట్టలు అంటుకుంటే పరుగెత్తకూడదు. పరుగెత్తితే గాలికి మంట పెరుగుతుంది. నేల మీద పడి దొర్లాలి. పక్కవారు గొంగడి కప్పి మంట ఆర్పాలి. తర్వాత కాలిన చోట 20 నిమిషాల పాటు కుళాయి నీళ్లు పారనివ్వండి. ఐసు వద్దు. గాజులు, ఉంగరాలు, మెట్టెలు వాపు రాకముందే తీయండి. ఒంటికి అంటుకుపోయిన గుడ్డను పీకకండి. మనది పసుపు పండే జిల్లా, కూరలో పసుపు ఎంతైనా వేసుకోండి. కాలిన గాయానికి మాత్రం పసుపు, సిరా, టూత్‌పేస్టు ఏదీ పూయవద్దు. గాయం ఎంత లోతో మాకు కనపడదు, అదంతా కడిగేటప్పుడు రోగి పడే బాధ చూడలేం. శుభ్రమైన గుడ్డ కప్పి 108ని పిలవండి. గొంతు బొంగురుపోయినా, ముక్కులో మసి కనిపించినా, పైకి గాయం లేకపోయినా సరే, వెంటనే దవాఖానాకు తీసుకురండి. లోపల గొంతు వాచి ఊపిరి ఆగిపోవచ్చు.

కొందరు పోలీసు కేసు అవుతుందన్న భయంతో, ముఖ్యంగా ఇంటి కోడలికి కాలినప్పుడు, గంటల తరబడి ఇంట్లోనే ఉంచుతారు. కాలిన ఒంటి నుంచి నీరు పోతూనే ఉంటుంది. మొదటి గంటల్లో సెలైను ఎక్కితే బతికే మనిషి, మర్నాటికి దక్కకపోవచ్చు. కాగితాల సంగతి తర్వాత చూసుకోవచ్చు, ముందు మనిషిని తీసుకురండి.

ఈ రాత్రి పడుకునే ముందు మూడే మూడు చూడండి: రెగ్యులేటరు కట్టారా, చార్జింగు ప్లగ్గు తీశారా, తాళంచెవి మేకుకు ఉందా. ఫైరింజను నంబరు 101. పిల్లలకు కూడా నేర్పండి.