పక్కింటి రేడియో

మా మన్మడు షోలాపూర్‌లో ఐటీఐ ఎలక్ట్రానిక్స్ చదువుతున్నాడు. ఇంట్లో చిన్న బల్ల మీద పాత పవర్ సప్లై పెట్టుకొని వాడకట్టోళ్ళ సామాన్లు రిపేరు చేస్తుంటాడు. పోయిన నెల పక్కింటి అవ్వ తన రేడియో తెచ్చింది. ఆమె పెనిమిటి మిల్లులో నాతో ఒకే పాళీల పనిచేసిన మనిషి. బోనస్ పైసలతో కొన్న రేడియో అది. నాలుగు సెల్లులది, అంటే 6 వోల్టులు చాలు. పోరడు నాబ్ 6 మీద పెట్టి, వైర్లు తగిలించి స్విచ్ వేశాడు. టప్పుమని పొగ లేచింది.

అప్పుడు చూశాడు మీటరు దిక్కు. 33 ఉంది. నాబ్ ఎటు తిప్పినా కదలదు.

"తాతా, నాబ్ ఖరాబైంది" అన్నాడు. నాకు నాబ్ మీద అనుమానం లేదు. మిల్లు బందయినంక రేడియో దుకాణంలో చేతికింద పనిచేసిన, ఇట్లాంటివి చూసిన. బట్టలో గీత పడితే బట్టను చూస్తే ఏం దొరుకుతది? వెనక్కి, పన్నె దాక, పడుగు దాక పోవాలె.

ప్లగ్గు పీకించిన. పెద్ద కెపాసిటర్‌లో కరెంటు ఇంకా ఉంటది, 100 ఓమ్‌ల లావు రెసిస్టర్ పెట్టి దించినం. మా దుకాణం సేటు స్క్రూడ్రైవర్ పెట్టేటోడు, దాని మూతికి గుంటలు పడేవి! ట్రాన్స్‌ఫార్మర్ ఇచ్చే 24 వోల్టులు డయోడ్లు దాటి కెపాసిటర్‌లో చేరితే దగ్గర దగ్గర 33 అయితది. అంటే లోపలున్నదంతా బయటికి వస్తున్నది, నడుమ ఆపేది లేదు. ఆపేది 2ఎన్3055 ట్రాన్సిస్టర్. విప్పి మీటరు పెడితే ఎటు పెట్టినా మోగింది. లోపల అతుక్కపోయింది.

ముందు రోజు 5 వోల్టుల మీద 2 ఆంపియర్ల మోటారు గంటసేపు తిప్పాడట. మిగిలిన వోల్టులన్నీ ట్రాన్సిస్టరే మింగాలె, 50 వాట్ల వేడి. దాని కింది తెల్ల పేస్టు ఎండి పొడైపోయింది. వోల్టులు తక్కువ పెడితే భారం తక్కువని పిల్లలు అనుకుంటరు. ఈ రకం సప్లైలో ఉల్టా.

కొత్త ట్రాన్సిస్టర్, కొత్త అభ్రకం బిళ్ళ, పేస్టు వేసి బిగించినం. ముందు ఏమీ తగిలించకుండా మీటరు చూసినం. తర్వాత 12 పెట్టి బండి బల్బు అరగంట వెలిగించినం. ముల్లు కదలలేదు. ఈ పని ముందే చేస్తే బల్బు పోయేది, అంతే.

"అవ్వకు చెప్పొద్దు తాతా, అసొంటిదే ఇంకోటి కొనిద్దాం" అన్నాడు. నాకు కోపమొచ్చింది. ఇద్దరం పోయి చెప్పినం. అవ్వ చానాసేపు మాట్లాడలేదు. "లోపలిది ఏమైనా మార్చుండ్రి, పైడబ్బా మాత్రం ఆయన పట్టుకున్నదే ఉండాలె" అన్నది.

కాలిన ఐసీ ఇక్కడ దొరకలేదు, పుణె నుంచి తెప్పిస్తున్నం. స్పీకరు బాగనే ఉంది.