అవ్వ పుట్టినూరికి పోయిన దారి



సంక్రాంతి దాటాక ఒక మంగళవారం మన సంఘంలోని ఒక అవ్వను ఆమె పుట్టినూరు చూపించడానికి తీసుకుపోయాం. అక్కడ ఇప్పుడు ఊరు లేదు. కొండాపురం మండలంలో గండికోట జలాశయం కింద మునిగిన ఊళ్లలో అదొకటి. 2020లో నీళ్లు నిలిపినప్పటి నుంచి ఆమె అటు పోలేదు. పేరు రాయొద్దన్నది, రాయను.

ముద్దనూరు రోడ్డు పట్టుకుంటే తొందరగా చేరొచ్చు. "ఆ లారీల మధ్య అవ్వకు వద్దు అయ్యగారూ" అని ఆటో తమ్ముడు తుమ్మలపల్లె నుంచి పులివెందుల చేరి, సింహాద్రిపురం మీదుగా లోపలి దారులు పట్టాడు. మంచిదే అయింది. ఆటో నిదానానికి పొలాలు బాగా కనబడతాయి. పులివెందుల చుట్టూ అరటి, గెలలు లారీకెక్కిస్తున్నారు. సింహాద్రిపురం వైపు చీనీ తోటలు. ఆపైన నల్లరేగడిలో బుడ్డశనగ కోతలు. కూలీలు చెట్టు కింద జొన్నరొట్టె తింటూ మమ్మల్నీ రమ్మన్నారు. అవ్వ కూర్చుని అరగంట లేవలేదు. ఎవరి బిడ్డవు, ఏ ఊరని వరసలు కలుపుకొని చివరికి ఒకామెను చెల్లెల్ని చేసుకుంది. ఇళ్లు దర్శించే పాస్టర్లం ఆమె దగ్గర నేర్చుకోవలసింది చాలా ఉంది.

ఈ దారిలోనే ఎండిన చీనీ చెట్లు కొట్టి కట్టెలకు అమ్మడం నేను చూశాను. వెయ్యి అడుగులు బోరు దించినా దుమ్మే వచ్చిన రోజులవి. ఇప్పుడు శ్రీశైలం నుంచి కృష్ణ నీళ్లు గాలేరు-నగరి కాలువలో, అవుకు సొరంగం దాటి గండికోటకు వస్తాయి. అక్కడి నుంచి పంపులతో పైడిపాలెం, చిత్రావతి జలాశయాలకు ఎత్తిపోస్తారు. లింగాల, సింహాద్రిపురం వైపు తోటలున్న మన విశ్వాసులు పోయిన పంట పండుగలో కానుకలు తెచ్చి స్తోత్రాలు చెల్లించింది ఈ నీళ్ల కోసమే. ఆ రోజు మూడో వరుసలో కూర్చుని అందరికంటే గట్టిగా ఆమేన్ అన్నది ఈ అవ్వే.

కొండాపురం దాటాక నీళ్ల ఒడ్డున ఆటో ఆపాం. 26.85 టీఎంసీలు పట్టే జలాశయం. అవతలి ఒడ్డు మసగ్గా కనబడుతోంది. అవ్వ చేతికర్ర ఎత్తి చూపించింది.

"అదో, ఎండిన కొమ్మ పైకి కనబడతాండాదే, దాని పక్కనే మా చర్చి. ఇవతల మా అమ్మానాయనల సమాధులు."

ఏడుస్తుందేమో అనుకున్నాను. వంగి కొంగు తడుపుకొని ముఖం తుడుచుకుంది, అంతే. అన్న కొడుకులకు కాలనీలో ఇళ్లొచ్చాయి, డబ్బులొచ్చాయి. సమాధులకూ కల్లానికీ వాకిట్లో చింతచెట్టుకూ ఎవరు లెక్క కడతారు?

అక్కడే 2 సమూయేలు 23వ అధ్యాయం తీశాను. దావీదు బేత్లెహేము బావి నీళ్ల కోసం ఆశపడతాడు. ముగ్గురు ప్రాణాలకు తెగించి ఫిలిష్తీయుల దండులో నుంచి తెస్తారు. ఆయన తాగలేకపోతాడు, దేవుని సన్నిధిలో పారబోస్తాడు. తెచ్చినవాళ్ల ప్రాణం ఆ నీళ్లలో ఆయనకు కనబడింది. మన కాలువ నీళ్లలో మనకేం కనబడుతోంది అని నేను ప్రసంగం ఎత్తుకోబోతే అవ్వ అడ్డమొచ్చింది.

"ఆయన పారబోసినాడు గానీ మీరు పారబోయాకండి అయ్యగారూ. చెట్లకు కట్టండి. కట్టేటప్పుడు మా ఊరి పేరు ఒకసారి తలుచుకోండి, సాలు."

నా ప్రసంగం అక్కడికి అయిపోయింది.

తిరుగు దారిలో ఆమె జమ్మలమడుగు చూడాలంది. అక్కడి క్యాంబెల్ ఆసుపత్రిలో, లండన్ మిషన్ దొరలు కట్టించిన దానిలో, ఆమె పెద్ద కొడుకు పుట్టాడట. ఊరికి ఇవతల పెన్న వంతెన మీద ఆగాం. కింద అంతా ఇసుక, మధ్యలో సన్నటి పాయ ఒకటి. ఎగువన అంత నీరు చూసి వచ్చిన కళ్లతో అవ్వ చాలాసేపు దాన్నే చూసింది. "ఈళ్లకూ వదలాల గదా" అంది. ఆసుపత్రి ముందు టీ తాగి, చీకటి పడుతుండగా బయలుదేరాం.

వచ్చే ఆదివారం నుంచి పంట స్తోత్రాలకు ముందు ముంపు ఊళ్ల పేర్లు చదివి ప్రార్థిస్తాం. తాళ్లప్రొద్దుటూరు పేరు ఇప్పటికే రాసుకున్నాను, అవ్వ ఊరి పేరు కూడా. మీ పుట్టినిళ్ల వైపు, అత్తగారిళ్ల వైపు అట్లాంటి ఊళ్లుంటే శనివారం లోపల అమ్మగారికి రాసివ్వండి.