దాన్యూబు తీరాన నారింజ

బుడాపెస్టు నగరంలో దాన్యూబు నది ఒడ్డున ఒక పెద్ద బజారున్నది. 1897లో తెరిచారు. రంగు రంగుల పెంకులు కప్పిన ఆ భవనంలో, ఎండుమిరపకాయల దండలు వ్రేలాడే దుకాణాలు దాటి పండ్ల అంగళ్ళకు వెళితే, నారింజల గుట్టమీద పేరు వ్రాసిన అట్టముక్క ఒకటి కనిపిస్తుంది. ఆ పేరు ‘నరంచ్’. తెలుగువాడికి దానికి వేరే అర్థం చెప్పనక్కరలేదు గదా!

హంగేరియను భాషకు మన భాషలతోనే కాదు, ఇరుగుపొరుగు జర్మను, స్లావు భాషలతో సైతం చుట్టరికం లేదు. పేరు మాత్రం పండు వెంట నడిచి వచ్చింది. సంస్కృతంలో అది నారంగం. ఆ మాటకు మూలం ద్రావిడ భాషల్లోనే ఉన్నదని పలువురు పండితుల అభిప్రాయం. మలయాళులు ఈనాటికీ నిమ్మజాతి కాయలను నారంగ అనే అంటారు. పారశీకులు నారంగ్ అన్నారు. అరబ్బులు దాన్ని నారంజ్ చేసి, పండునూ పేరునూ సిసిలీకీ, స్పెయినుకూ చేర్చారు. (మన నారింజలోని జకారం అలా ఊళ్ళు తిరిగి ఇంటికి వచ్చినదే కాబోలునని నా అనుమానం.) ఇటలీ ఉత్తర ప్రాంతంవారి నోట మొదటి నకారం నిలిచింది. హంగేరీవారు అందుకున్నది ఆ రూపాన్నే.

పేరు పాతుకున్న చోట చెట్టు పాతుకోలేదు. అక్కడి చలికాలపు మంచుకు నారింజ బ్రతకదు. అయినా ప్రభుత్వం ఆజ్ఞాపిస్తే కాయవలసిందే నన్న రోజులమీద పీటర్ బాచో 1969లో ‘సాక్షి’ అనే చిత్రం తీశాడు. ఎన్నో తంటాలుపడి పండించిన ఒక్క నారింజనూ ఉత్సవంనాడు కథానాయకుని కొడుకు తినేస్తాడు. దాని స్థానంలో పెద్దమనిషి చేతికి నిమ్మపండు ఇచ్చి, ఇదే మన దేశపు కొత్త నారింజ అంటారు! ఆ చిత్రం 1979 దాకా ప్రజల ముందుకు రాలేదు. వచ్చిన తరువాత ‘హంగేరీ నారింజ’ అన్న మాట సామెతయి కూర్చున్నది.

బుడాపెస్టు నుంచి రైలు కొంతదూరం దాన్యూబు వెంటనే సాగి, స్లొవాకియాలో ప్రవేశిస్తుంది. బ్రాటిస్లావా ఒకప్పుడు హంగేరీ రాజ్యానికి రాజధాని. స్లొవాకులు 1918 వరకు ఆ రాజ్యంలోనివారే. ఐనా నేటి వారి భాషలో పండుపేరు నరంచ్ కాదు, ‘పొమరంచ్’. ఇంకా ముందుకు వెళితే ప్రాగులో చెకులు ‘పొమెరంచ్’ అంటారు. ఈ రెంటి కథ వేరు. ఇటలీలోనే చాలాచోట్ల ‘ఒక’ అని అర్థమిచ్చే ‘ఉన్’లో నకారం కలిసిపోయి, నారంజ కాస్తా ‘అరాంచ’ అయింది. తల పోయిన ఆ పేరుకు పండు అనే అర్థంగల ‘పోమొ’ను తగిలించారు. ఆ జంటపదం జర్మనుల మీదుగా చెకులకు అందింది. పాపం, జర్మనులు ఆ పేరును చేదు నారింజకే ఉంచుకున్నారు. చెకులు తీపి పండుకూ పెట్టారు.

తీపి అంటే అంతగా ఉండేది కాదులెండి. సోషలిస్టు రోజుల్లో నారింజలు ముఖ్యంగా క్రిస్మసు ముందు వచ్చేవి, వాటికోసం బారులు తీరేవారు. క్యూబా నుంచి వచ్చిన పచ్చతొక్క పండ్లలో పిప్పే ఎక్కువని ఆనాటివారు ఇప్పటికీ నవ్వుకుంటారు.

మరో చిత్రం. హంగేరియనులు మనలాగే పండుపేరుతోనే రంగును చెబుతారు: నారింజపసుపు అని. ప్రాగులో ఆ రంగు చొక్కా కొనదలచినవారు మాత్రం పొమెరంచ్ రంగు అనరు. ‘ఒరాంజోవా’ అనాలి. ఆ మాట ఫ్రెంచివారి దగ్గర ఎరువు తెచ్చుకున్నది, అదీ నారంగపు మనుమరాలే!